వంక లేని బండి

ఆఫీసులో ఎవరు మోటార్ సైకిల్ కొనాలనుకున్నా ముందు దినేశ్ దగ్గరికి రావాల్సిందే. మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో అతని ఆఫీసు. కాఫీ మెషీన్ పక్కన అతను నిలబడ్డాడంటే చాలు, చేతిలో కప్పుతో ఎవరో ఒకరు వచ్చి చేరతారు. "అన్నా, రోజూ ఆఫీసుకి రావాలి, సెలవు దొరికితే శ్రీశైలం దాకా పోవాలి, మా ఆవిడ వెనక హాయిగా కూర్చోవాలి. మూడింటికీ పనికొచ్చే బండి ఏదైనా ఉందా?" అంటారు. దినేశ్ తన కప్పు పక్కన పెట్టేస్తాడు. ఇక ఆ కాఫీ చల్లారినట్టే.

అతను అడిగే ప్రశ్నలు డాక్టరు ప్రశ్నల్లా ఉంటాయి. నీ ఎత్తెంత? మీ ఆవిడ ఒకవైపు కూర్చుంటుందా, రెండువైపులా కాళ్లేసి కూర్చుంటుందా? బండి సెల్లార్‌లో పెడతావా, రోడ్డు మీదా? నడుం నొప్పి ఎవరికైనా ఉందా? అన్నీ విని, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, పేరు చెప్తాడు. అతని మాట విని కొన్నవాళ్లలో ఇంతవరకూ ఎవరూ నష్టపోలేదు. కొత్త బండి తాళాలు చూపించి స్వీట్లు పంచేటప్పుడు మొదటి లడ్డూ దినేశ్‌కే.

అంతటి దినేశ్ మాత్రం రోజూ కొత్తగూడ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి, ముగ్గురి మధ్య ఇరుక్కుని ఆఫీసుకి వస్తాడు. ఎందుకన్నా అని అడిగితే, "నాకింక సెట్ కాలే భాయ్, చూస్తున్న" అంటాడు. ఇన్ని తెలిసినవాడికి ఆ మాత్రం పట్టింపు ఉండదా అని జనం సరిపెట్టుకున్నారు. పెద్ద వంటవాడు హోటల్లో తినడు కదా అన్నట్టు చూసేవారు.

అసలు సంగతి వేరు. దినేశ్‌కి బండి నడపాలంటే భయం.

పోయిన వానాకాలంలో, ఫ్లైఓవర్ దిగేచోట, రోడ్డు మీద ఆయిల్ ఒలికి ఉంది. పాత బండి ఒక్కసారిగా పక్కకి జారింది. వెనక అతని భార్య ఉమాశ్రీ ఉంది. దినేశ్‌కి మెడ కింద ఎముక చిట్లింది, అది అతుక్కుంది. ఉమాశ్రీకి మోచెయ్యి గీరుకుంది, అంతే. ఆమె లేచి, బట్టలు దులుపుకుని, ఫోన్ అద్దం పగిలిందని ఆయిల్ ఒలికించినవాడిని తిట్టి, వారం తిరక్కుండానే అంతా మర్చిపోయింది. దినేశ్ మర్చిపోలేదు. కిందపడినప్పుడు ఆమె హెల్మెట్ రోడ్డుకి టప్‌మని కొట్టుకున్న చప్పుడు అతని చెవుల్లో ఉండిపోయింది. ఏ బండి హ్యాండిల్ మీద చెయ్యి వేసినా అదే వినిపించేది. కట్టు విప్పిన నెలలోనే పాత బండిని అమ్మేశాడు. పదిమందికి బండ్లు ఎంపిక చేసి పెట్టేవాడు, నాకు భయం అని ఏ నోటితో చెప్తాడు? ఆఫీసులో చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు.

ఇంట్లో చెప్పకపోవడమే అసలు తప్పు. ఉమాశ్రీది తణుకు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ఆఫీసులో పనిచేశారు, పెళ్లికి ముందు అనంతగిరి, నాగార్జునసాగర్ అన్నీ బండి మీదే తిరిగారు. వెనక కూర్చుని ఆమె దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండేది. గాలికి సగం మాటలు వినపడకపోయినా దినేశ్ ఊఁ కొట్టేవాడు. ఇప్పుడు ఆమె ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీకి, అతను మాదాపూర్‌కి. పొద్దున ఆమె క్యాబ్ ఆమెది, అతని ఆటో అతనిది. ఆదివారాలు కొండాపూర్ ఫ్లాట్‌లో చెరో ఫోనూ చూసుకోవడంతో గడిచిపోతున్నాయి.

అందుకే ఆమె బండి కొందామని పట్టుబట్టింది. పొద్దున తనను ఆఫీసులో దింపడానికీ, సెలవుల్లో దూరం పోవడానికీ, ఇద్దరూ కూర్చోవడానికీ పనికొచ్చేది ఒక్కటి చాలంది. దినేశ్ కాదనలేదు. చూద్దామన్నాడు. చూస్తూనే ఉన్నాడు.

ఆమె ఒకటి చూపిస్తే, "గిది ట్రాఫిక్‌ల బరువైతది, సిగ్నల్ కాడ కాలు కాల్తది" అనేవాడు. తేలికది చూపిస్తే, "హైవే మీద లారీ పక్కకెల్లి పోతే ఊగుతది" అనేవాడు. ఒకదానికి వెనక సీటు చిన్నది. ఇంకోదానికి సీటు పెద్దదే గానీ పట్టుకోవడానికి కడ్డీ లేదు. మరొకటి అన్ని విధాలా బాగుంటే, దాని సర్వీస్ సెంటర్ బాలానగర్‌లో ఉంది, అంత దూరం ఎవరు పోతారన్నాడు. అతను పెట్టే వంకల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే వాటికి ఎదురు చెప్పడం ఆమె తరం కాలేదు.

ఒక ఆదివారం పొద్దున దినేశ్ ఆఫీసు స్నేహితుడు మధుకర్ స్వీట్ల డబ్బాతో ఇంటికొచ్చాడు. కింద అతని కొత్త బండి నిలబడి ఉంది. ఉమాశ్రీ కాఫీ ఇచ్చి, బాల్కనీలోంచి దాన్ని చూసింది.

"అంతా మీ ఆయన దయేనండి," అన్నాడు మధుకర్. అతనిది ఏలూరు వైపు. "ఆఫీసు, టూరింగు, మా ఆవిడ వెనక సీటు, మూడూ చెప్పాను. కళ్లు మూసుకుని ఇది కొనెయ్ అన్నాడు. దీనికి వంక పెట్టడానికేం లేదన్నాడు."

"వెనక సీటు సంగతి చూశారా?"

"అదే ముందు చెప్పాడండి. భార్య కోసం అయితే ఇంతకన్నా మంచి సీటు దొరకదన్నాడు."

దినేశ్ స్వీట్ల డబ్బాకేసి చూస్తూ కూర్చున్నాడు. మధుకర్ మెట్లు దిగేదాకా ఉమాశ్రీ నవ్వుతూనే ఉంది. తలుపు వేశాక నవ్వలేదు.

"మనకి కావల్సిందీ అదే కదా, దినేశ్?"

"అదే గని..."

"గని ఏంటి? దానికి వంక లేదని నువ్వే అన్నావు. మధుకర్ భార్యకి మంచి సీటయితే నాకు కాదా?"

దినేశ్ స్వీట్ల డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు. ఆ బండి గురించి చెడ్డగా చెప్పడానికి నిజంగానే ఏమీ తోచలేదు. ఇన్ని నెలలుగా ఏదో ఒక వంక అతన్ని కాపాడుతూ వచ్చింది. ఇప్పుడు తన తెలివే తన కాళ్లకి అడ్డం పడింది.

"ఒక్కటి చెప్పు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నీకు బండి నచ్చట్లేదా, నేను వెనక కూర్చోవడం నచ్చట్లేదా? రెండోదయితే చెప్పెయ్, నేను అడగడం మానేస్తాను."

అతను అప్పుడే చెప్పెయ్యాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ, "ఛ, గదేం లేదు. బుక్ జేద్దాం తియ్" అన్నాడు. ఆమె అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఫోన్ తీసి షోరూంకి చేసింది.

షోరూంలో టెస్ట్ రైడ్ చెయ్యండి సార్ అంటే, "అక్కర్లే, నాకీ బండి తెలుసు" అన్నాడు. బండి దొరకడానికి రెండు మూడు నెలలు పడుతుందని ఆశపడ్డాడు. నీలం రంగుది సిద్ధంగా ఉంది. ఉమాశ్రీకి నీలమే కావాలి. ఇక మిగిలింది పూజ. దినేశ్ వాళ్లది ఖాజాగూడ. అతని తండ్రి పోచయ్య ఇప్పటికీ ఊళ్లోనే ఉంటాడు, ఇంటి మీద వేసిన గదుల కిరాయిలు చూసుకుంటాడు. కొత్త బండి ముందు పోచమ్మ గుడి దగ్గరికే రావాలని ఆయన పట్టు. షోరూం నుంచి అంతదూరం తను నడపకుండా దినేశ్ ఒక ఉపాయం చేశాడు. బండిని గుడి దగ్గరికే తెచ్చి అప్పగించమన్నాడు. షోరూం మనిషి తెచ్చి, తాళాలు చేతిలో పెట్టి, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఉపాయంలో లేదు.

గుడి చిన్నది. వెనక పెద్ద బండరాళ్లు, ఆ రాళ్ల వెనక కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు. పూజ చేసే ఎల్లమ్మ బండికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. పోచయ్య వంగి, ముందు చక్రం కింద ఒక నిమ్మకాయ, వెనక చక్రం కింద ఒక నిమ్మకాయ తనే పెట్టాడు. పొద్దుటి నుంచీ ఆయన తెల్లచొక్కా నలగకుండా కాపాడుకుంటున్నాడు. కొడుకు ఇంత పెద్ద బండి కొన్నాడని దారిలో ఇద్దరు ముగ్గురికి చెప్పి తీసుకొచ్చాడు. వాళ్లు కొంచెం దూరంగా నిలబడి చూస్తున్నారు.

"ఎక్కురా. నిమ్మకాయల మీదికెల్లి తోలు," అన్నాడు పోచయ్య. "బిడ్డా, నువ్వు గూడ ఎనక కూసో."

దినేశ్ ఎక్కాడు. ఉమాశ్రీ హెల్మెట్ పెట్టుకుని వెనక ఎక్కి, అతని భుజం మీద చెయ్యి వేసింది. తాళం తిప్పాడు. ఇంజన్ మెత్తగా, తను మధుకర్‌కి చెప్పినట్టే, మొదలైంది. క్లచ్ పట్టాడు. చప్పుడు వినిపించింది. టప్‌మని. వేళ్లు చెమటకి జారాయి. ఒక్క నిమ్మకాయ మీదుగా నాలుగడుగులు పోవడం కూడా తన వల్ల కాదని అతనికి అర్థమైంది. అలాగే పోతే ఆమెను మళ్లీ పడేస్తాడు.

ఇంజన్ ఆపాడు.

"ఏందిరా?"

"ఉమా, జర దిగు." ఆమె దిగింది. అతనూ దిగి, తాళాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. తండ్రి వైపు చూడలేక ముందు చక్రం వైపు చూస్తూ చెప్పాడు. "నాయిన, నాకు భయమైతుంది. పోయిన వానాకాలం పడ్డ సంది నేను బండి ముట్టలే. ఆమె ఎనక కూసుంటే నాతోని కాదు."

పోచయ్య తన వెంట తెచ్చుకున్న మనుషుల వైపు ఒకసారి చూశాడు, మళ్లీ కొడుకు వైపు చూశాడు. దినేశ్‌కి సిగ్గుతో చెవులు మండాయి. అయినా గుండె మీద ఎన్నాళ్లుగానో ఉన్న బరువు దిగినట్టే ఉంది.

ఉమాశ్రీ హెల్మెట్ తీసింది. "భయమా? ఇన్నాళ్లూ ఇదా?"

"నువ్వు పడ్డప్పుడు నీ హెల్మెట్ రోడ్డుకు కొట్టుకున్న చప్పుడు... ఇంక ఇనిపిస్తనే ఉంది."

"నాకసలు గుర్తే లేదు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపం కూడా వచ్చింది. "నాతో కలిసి తిరగడం ఇష్టం లేదేమోననుకుని ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా? ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఇన్ని బండ్లకి వంకలు పెట్టాలా?"

"మరి బండెవలు తోల్తరు?" అన్నాడు పోచయ్య. ఆయన బాధ అంతా ఇప్పుడు నిమ్మకాయల మీద ఉంది. "పెట్టినంక తియ్యొద్దు."

"నేను తోలతాను మామయ్య గారూ. నాకు లైసెన్సుంది."

అది దినేశ్‌కి తెలియని సంగతి కాదు. తణుకులో ఆమె కాలేజీ రోజుల్లోనే వాళ్ల నాన్న మోటార్ సైకిల్ నడపడం నేర్చుకుంది, ఆయన్ని వెనక ఎక్కించుకుని సంతకి తీసుకెళ్లేది. ఆ కథ అతను చాలాసార్లు విని నవ్వాడు కూడా. కానీ ఇన్ని నెలల్లో ఎన్ని బండ్లు చూసినా, ముందు సీటు తనకీ వెనక సీటు ఆమెకీ అని తప్ప ఇంకోలా లెక్క వెయ్యాలని ఒక్కసారీ తోచలేదు.

పోచయ్య ఏదో అనబోయాడు. ఎల్లమ్మ పళ్లెం సర్దుకుంటూ, "ఎవలైతేంది పోచన్నా, అమ్మ అడుగుతదా? తోలనియ్యి, ఎండైతుంది" అంది.

ఆయన కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత వంగి, జరిగిన నిమ్మకాయని మళ్లీ చక్రం కింద సరిగ్గా పెట్టాడు. "పైలంగ తోలు బిడ్డా," అన్నాడు.

దినేశ్ తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాయి. అతను వెనక ఎక్కి, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు తడుముకుని, చివరికి ఆమె భుజం పట్టుకున్నాడు. నిమ్మకాయలు చితికాయి. బండి చెరువు పక్కనుంచి పెద్ద రోడ్డెక్కింది. ఆమె అప్పుడే మాటలు మొదలుపెట్టింది. ఇప్పుడు అతనికి అన్నీ వినపడుతున్నాయి.

మొదటి స్పీడ్ బ్రేకర్ దాటగానే అతను ముందుకు వంగాడు. "ఉమా, ఎనక సీటు గట్టిగుంది. కాళ్లు పెట్టేది గూడ మీదికుంది, మోకాళ్లు గుంజుతున్నయ్."

సిగ్నల్ దగ్గర బండి ఆపి ఆమె నవ్వింది, పక్క ఆటోవాళ్లు తిరిగి చూసేంతగా. "ఇన్నాళ్లకి ఒక అసలైన వంక పట్టావు," అంది.

సోమవారం పొద్దున ఆమె అతన్ని ఆఫీసు గేటు దగ్గర దింపి, తన ఆఫీసుకి వెళ్లిపోయింది. సిగరెట్ల బండి దగ్గర టీ తాగుతున్న మధుకర్ అంతా చూశాడు. "ఏంటి గురూ, నువ్వు వెనకా?"

"నాకు తోలుడంటె భయం మధుకర్. మా ఆమె మంచిగ తోల్తది. నేను నేర్చుకోవాలె మల్ల," అన్నాడు దినేశ్. ఆ మాట అనుకున్నంత బరువుగా లేదు. "గని ఒకటి చెప్పు. నీ బండి ఎనక సీటు ఎట్లుందో మీ ఆవిడనెన్నడన్న అడిగినవా?"

"లేదు. తనేమీ అనలేదే."

"నేను గూడ ఎవ్వర్ని అడగలే. అందరికి చెప్పిన గని, ఎనక ఎన్నడు కూసోలే," అన్నాడు దినేశ్. "ఇయ్యాల ఇంటికి పోయి అడుగు."