వినిపిస్తే చెయ్యెత్తు

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది నలుగురు. వరండాలో కుర్చీ వేసుకుని తాతయ్య, ముందుగదిలో కుట్టుమిషను దగ్గర అమ్మ, ఎవరూ అడగకుండానే వంటింటి డబ్బాలు సర్దుతున్న అత్తయ్య, గేటు దగ్గర స్కూటరు పక్కన గొంతుక్కూర్చుని స్పీకరు పెట్టెకు వైరు బిగిస్తున్న బ్యాటరీ. నాన్న డ్యూటీకి వెళ్లాడు.

బ్యాటరీ అన్నది అత్తయ్య పెట్టిన పేరు. కరెంటు బండ్ల ఇంజనీరింగులో పీజీ చేరిన రోజే మేనకోడలికి వెటకారంగా తగిలించింది. తాతయ్య కూడా అలాగే పిలుస్తాడు కానీ, ఆయన నోట్లో అది ముద్దుపేరు.

కరెంటు బండి మెల్లగా పోతున్నప్పుడు చప్పుడుండదు. కిందటేడు అలాంటి బండే ఒకటి వీధి మలుపులో తాతయ్యను రాసుకుంటూ పోయింది. కళ్లు కనిపించని మనిషి. కింద పడి మోచెయ్యి చెక్కుకుపోయినా, బండి నడిపిన వాడితో "నాదే పొరపాటు బాబూ" అన్నాడు. బస్సు కండక్టరుగా బతుకంతా ఎవరి కాలు ఎవరు తొక్కినా తనే సర్దిచెప్పుకున్నవాడికి, ఆ మాట అలవాటుగా వచ్చేసింది. మనవరాలికి మాత్రం అది గుచ్చుకుంది. గైడు ఏదో ఒక ప్రాజెక్టు ఎంచుకోమంటే, బండికి చప్పుడు పెట్టే పని ఎంచుకుంది. చప్పుడు ఎక్కువైతే వీధంతా తిడుతుంది. తక్కువైతే తాతయ్యలాంటివాళ్లు పడిపోతారు. ఎంత ఉంటే చాలో తేల్చాలి. రేపు రిపోర్టు ఇవ్వాలి. చివరి కొలతలే మిగిలాయి.

"చదివి చదివి చివరికి బండికి గొంతు పెడుతోంది మహాతల్లి," అంది అత్తయ్య కిటికీలోంచి.

"నీ గొంతు ఇస్తావా అత్తయ్యా? జనం వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు."

కుట్టుమిషను ఆగింది. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నవ్వు వదినా, నవ్వు. నాన్నకి పొద్దున్నుంచి ఒంట్లో బాలేదు. టీ కూడా అలాగే వదిలేశాడు. ఇవాళ్టికి ఆయన్ని వదిలెయ్యవే బ్యాటరీ."

"నాకేమైందే?" అన్నాడు తాతయ్య. "కూర్చునే పనేగా. బతుకంతా నిలబడే ఉన్నాను."

కూర్చున్నా ఆయన పాదాలు ఎడంగా, బ్రేకు పడితే తూలకుండా ఆపుకునేట్టుగా ఉంటాయి. టిక్కెట్లు చింపి చింపి కుడి బొటనవేలు కొస గట్టిపడిపోయింది.

పరీక్ష తేలికైనదే. ఆమె మలుపు దాకా వెళ్లి మెల్లగా బండి నడుపుకుంటూ వస్తుంది. వినిపించగానే తాతయ్య చెయ్యెత్తుతాడు. అప్పుడు బండి ఎక్కడుందో ప్రహరీ మీద సుద్దగీతలు చెబుతాయి.

మొదటిసారి వచ్చింది. చెయ్యి లేచింది. బస్సు ఆపించేటప్పటిలా "హోల్డాన్!" అని కూడా అరిచాడు. చప్పుడు తగ్గించి వచ్చింది. మళ్లీ అదే గీత దగ్గర చెయ్యి. ఇంకా తగ్గించింది. మళ్లీ అదే గీత. ఆమెకు అనుమానం వచ్చింది. పెట్టె పూర్తిగా ఆపేసి వచ్చింది.

"హోల్డాన్!"

బండి అక్కడే నిలబెట్టి చుట్టూ చూసింది. ముందు చక్రం అప్పుడే మురుగుకాలువ మూత దాటింది. ఆ మూత కొంచెం వదులు. టక్కుమంటుంది.

"తాతయ్యా, మూత చప్పుడు విని ఎత్తుతున్నావు కదూ?"

ఆయన దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "మరి నువ్వు పాసవ్వొద్దూ?"

"నువ్విలా చేస్తే నేను పాసవుతాను. నీలాంటివాళ్లు బండి కింద పడతారు."

ఆయన నవ్వు ఆగింది. బొటనవేలు రుద్దుకున్నాడు. "సరేలే. ఇక అబద్ధం ఆడను."

"నా మీద ఒట్టెయ్యి. నిజంగా వినిపిస్తేనే ఎత్తాలి."

"నీ మీదొట్టు బ్యాటరీ."

ఆమె ఈసారి పెట్టె మళ్లీ మోగించి, మూత పక్కనుంచి తప్పించి వచ్చింది. చెయ్యి బాగా ఆలస్యంగా, గేటుకు దగ్గరగా వచ్చాక లేచింది. ఇందాకటి కొలతలన్నీ తప్పేనని తేలిపోయింది. అయినా తాతయ్య నిజం చెప్పాడని తేలికపడి, చప్పుడు కొంచెం పెంచి మలుపుకు వెళ్లింది.

ఈసారి చెయ్యి లేవలేదు.

తాతయ్య తల ఒక పక్కకు వంచి ఉన్నాడు. అంత శ్రద్ధగా వింటున్నా అందలేదంటే, గాలి ఎదురుగా ఉందేమో అనుకుంది. స్పీకరును ఇటు తిప్పి మళ్లీ వచ్చింది. లేవలేదు. పెంచి వచ్చింది. లేవలేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. రేపటికి ఏం రాయాలి? కాలేజీ గదిలో అంత బాగా వినిపించిన చప్పుడు ఇంటి ముందు ఎందుకిలా చచ్చిపోతోంది? చివరికి మీట మొత్తం తిప్పేసింది.

"ఏంటమ్మా ఆ గోల! పిల్లాడు లేచిపోయాడు!" ఎదురింటావిడ పై కిటికీలోంచి అరిచింది.

ఆమె గేటు దగ్గర బండి స్టాండు వేసింది. వీధికి వినిపించింది. మరి?

"తాతయ్యా, ఇది కూడా వినపడలేదా?"

చెయ్యి మోకాలి మీద ఉంది. ఆమె పట్టుకుంది. వదిలితే పక్కకు జారిపోయింది.

టీ వేడిచేసి తెచ్చిన అత్తయ్య గడప దగ్గరే గ్లాసు వదిలేసింది. అమ్మ పరుగున వచ్చింది. ముగ్గురూ కలిసి ఆయన్ని లోపలికి మోసి మంచం మీద పడుకోబెట్టారు. పక్కవీధి డాక్టరు వచ్చి, స్టెతస్కోపు గుండె మీద పెట్టినంత సేపు పెట్టి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. అమ్మ ఫోనులో నాన్నతో మాట్లాడుతూ మాట మధ్యలో ఆగిపోతోంది.

అత్తయ్య తండ్రి పాదాలు రెండూ దగ్గరికి చేర్చి, తలెత్తి మేనకోడల్ని చూసింది.

"ఎన్నిసార్లు తిరిగావే, ఆయన ముందునుంచి?"

"వినపడలేదనుకున్నాను అత్తయ్యా. ఒట్టు వేశాడు కదా, అందుకే ఎత్తట్లేదనుకున్నాను."

 అత్తయ్య లేచి వచ్చి, ఆమె భుజం పట్టుకుని వరండాలోకి నడిపించింది. ఆ చేతిలో కోపమేమీ లేదు.

"ముందు వెళ్లి దాన్ని ఆపు," అని తలుపు వేసేసింది.

గేటు దగ్గర స్కూటరు, మనిషెవరూ లేకుండా, వీధి చివరిదాకా వినిపించేలా మోగుతూనే ఉంది.