పడటం నేర్చుకున్న సాయంత్రం

ముసలామెను ఒక పక్కకు ఒత్తిగిలజేసి, మాసిన దుప్పటిని ఆమె వీపు దాకా చుట్టి, ఉతికిన దుప్పటిని దాని పక్కనే పరిచింది స్వరూప. ఇక రెండో పక్కకు తిప్పాలి. ఒక చెయ్యి భుజం కింద, ఇంకో చెయ్యి తుంటి కింద పెట్టింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఎవరివో మగ చెప్పుల చప్పుడు. స్వరూప చేతులు ఆగిపోయాయి. వచ్చింది పక్క మంచం పేషెంటు కొడుకు. ఫ్లాస్కు పెట్టి వెళ్లిపోయాడు.

"ఏంటమ్మా, మధ్యలో ఆగావు? పడిపోతానేమో" అంది ముసలామె.

"వడవమ్మా. నేనున్న గద."

అన్నదే గానీ ఆ మాట మీద తనకే నమ్మకం లేదు.

సూర్యాపేటలో కోదాడ రోడ్డు మీద ఉన్న ప్రైవేటు దవాఖాన అది. ఆడవాళ్ల వార్డులో స్వరూప ఆయా. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, నేల తుడిచి తుడిచి మొద్దుబారిన వేళ్లు. నలభై దాటాయి. తనకంటే బరువైనవాళ్లను మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూంలోకి చేర్చడమే ఇన్నేళ్లుగా ఆమె పని. ఎవరూ ఆమె చేతుల్లోంచి జారలేదు. పోయిన వానాకాలంలో మాత్రం ఆమే పడిపోయింది. టైం అయింది, బయటికి పొమ్మన్నందుకు, తాగి ఉన్న ఒక పేషెంటు బంధువు ఆమెను రెండు చేతులా నెట్టాడు. వెనక్కి పడుతూ చెయ్యి నేలకు ఆనించింది. ఎడమ మణికట్టు విరిగింది. తెల్లారి అతను వచ్చి దండం పెట్టాడు. అందరూ పోనిమ్మన్నారు. ఎముక కొంచెం వంకరగా అతుక్కుంది, అతుక్కోవడమైతే అతుక్కుంది. భయం మాత్రం పోలేదు. వెనక ఎవరైనా నడిస్తే గోడకు జరుగుతుంది. గిన్నె కింద పడితే ఉలిక్కిపడుతుంది. మెట్లు దిగేటప్పుడు కమ్మీ వదలదు. ఏదో ఒక రోజు ఈ బెదురుతో ఏ ముసలామెనో కింద పడేస్తానేమోనని ఆమెకు ఇంకో దిగులు.

మిర్యాలగూడలో రైసు మిల్లు ఊడ్చే అక్క తనకు కూడా అక్కడే పని అడిగి పెట్టింది. బియ్యం బస్తాలు ఎవరినీ నెట్టవు. నెలాఖరుకు ఇక్కడ మానేద్దామని స్వరూప మనసులో అనుకుంటోంది.

ముసలామె పేరు స్వరాజ్యలక్ష్మి. కోదాడలో ధాన్యం కొట్టువాళ్ల ఇంటి మనిషి. గుండె బలహీనం, కాళ్లకు నీరు, పడుకుంటే ఆయాసం. ఆమె కూతురు సంగీత ఇక్కడే ఒక స్కూల్లో ఆటల టీచరు. సాయంత్రాలు ఆ స్కూలు హాల్లోనే ఆడవాళ్లకు జూడో నేర్పుతుంది. ఒక రోజు తల్లి దగ్గర కూర్చున్నప్పుడు, ట్రే కింద పడ్డ చప్పుడుకు స్వరూప గోడకు అతుక్కుపోవడం చూసింది. ఏమైందని అడిగి, అంతా విని, "మా క్లాసుకు రా అక్కా" అంది. ఏమీ కొనక్కర్లేదని, జూడో కోటు తనే ఇస్తానని కూడా చెప్పింది. మొదటిసారి వెళ్లేది ఇవాళే.

"వెళ్తున్నావుగా సాయంత్రం?" దుప్పటి సర్దుతుంటే స్వరాజ్యలక్ష్మి అడిగింది.

"గుండె దడదడ అంటున్నదమ్మా."

"నాకూ అంతే. మా సంగీత చిన్నప్పటి నుంచీ ఆడుతోంది. అది కింద పడ్డప్పుడల్లా నేను కళ్లు మూసుకునేదాన్ని. ఒక్క పోటీ కూడా సరిగ్గా చూడలేదు." ఆమె ఊపిరి కోసం ఆగింది. "మళ్లీ లేచేదే అనుకో."

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసింది. అప్పుడే మొగుడు ఐలన్న ఫోన్ చేశాడు. వాళ్లది పెన్‌పహాడ్ దగ్గర ఊరు. స్వరూప పని కోసం సూర్యాపేటలో కిరాయి గదిలో ఉంటుంది. ఐలన్న గొర్లను తోలుకుని త్రిపురారం దిక్కు పోయాడు. అక్కడ కాలువ కింద వరికోతలు అయిపోయాయి, కోసిన మళ్లలో మేపుకోవచ్చు.

"మాపటికి నిజంగ గా కుస్తీకి పోతున్నవా?"

"కుస్తీ కాదు, జూడో."

"ఏదైతేంది. చెయ్యి మల్ల ఇరిగితే ఎవలు జూస్తరే? సప్పుడుజేయక మిల్లు పనిల జేరక, గీ వయసుల వడుడు లేసుడు నేర్సుకుంటవా?"

పొద్దున్నించీ తనను తాను ప్రశ్నించుకుంటున్నదీ అదే. "గొర్లు మంచిగున్నయా?" అని అడిగింది.

డ్యూటీ దిగాక బాత్రూంలో గోళ్లు కత్తిరించుకుంది. పట్టుకునేవాళ్లకు గీసుకుంటుందని సంగీత చెప్పింది. గాజులు వచ్చాయి గానీ మెట్టెలు రాలేదు. సబ్బు రాసి తిప్పితే వచ్చాయి. వాటి కింద వేలు తెల్లగా, మెత్తగా, వేరే ఎవరిదో అన్నట్టు ఉంది. బస్సెక్కి రూముకు పోదామా అని గేటు దగ్గర కాసేపు నిలబడింది. వస్తానని చెప్పి వెళ్లకపోతే బాగుండదని మాత్రమే స్కూలు వైపు నడిచింది.

హాలంతా నీలం మ్యాట్లు పరిచి ఉన్నాయి. రబ్బరు వాసన, చెమట వాసన. ఏడెనిమిది మంది అమ్మాయిలు. ఇంత వయసు మనిషి తనొక్కతే. పంజాబీ డ్రెస్సు మీద దళసరి తెల్లకోటు తొడిగి, సంగీత ఆమె నడుముకు బెల్టు కట్టింది.

"నన్ను జూసి నవ్వుతరు మేడం."

"ఎవరూ చూడరక్కా. ఎవరి పాట్లు వాళ్లవి. ముందే చెప్తున్నా, మొదటి నెలంతా పడటమే. రేపు పొద్దున ఒళ్లు పచ్చిపుండులా ఉంటుంది, మెట్లు దిగలేవు. నీ కూతురు ఈడు పిల్లలు నిన్ను పడేస్తారు. రోషం తెచ్చుకోకు."

"వడొద్దని నేనొస్తే, వడుడే నేర్పుతరా?"

సంగీత నవ్వింది. "పడకుండా ఎవరుంటారు? గొంతుకూర్చో. గడ్డం రొమ్ముకు ఆనించు. వీపు గుండ్రంగా. ఇప్పుడు వెనక్కి దొర్లు. అరచెయ్యి వెనక్కి పెట్టొద్దు, చెయ్యి విరిగేది అలాగే. చేతులు పక్కకు చాచి మ్యాటును గట్టిగా కొట్టు."

స్వరూప గొంతుకూర్చుంది. నేల జానెడు దూరంలోనే ఉన్నా లోయ అంచున కూర్చున్నట్టుంది. వెనక్కి వాలగానే ఎడమ చెయ్యి దానంతట అదే నేలను వెతుక్కుంటూ పోయింది. సంగీత పట్టుకుంది. మళ్లీ. మళ్లీ అదే చెయ్యి. కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలాసేపటికి ఒకసారి, ఎలా జరిగిందో తెలియదు, వీపు గుండ్రంగా దొర్లింది, రెండు చేతులూ ఒక్కసారే మ్యాటు మీద పడ్డాయి. ఆ చప్పుడుకు తనే బిత్తరపోయింది. దెబ్బ తగల్లేదు.

తర్వాత మ్యాటు మీద వెల్లకిలా పడుకున్నవాళ్లను కదలకుండా అదిమి పట్టుకోవడం. నాగరాణి అనే అమ్మాయిని జత చేసింది సంగీత. పోలీసు సెలక్షన్లకు తయారవుతున్న పిల్ల, గట్టి మనిషి. "జర మెల్లగ వట్టుకుంట ఆంటీ" అని, ఆమె మెడ కింద చెయ్యేసి, రొమ్ముకు అడ్డంగా బరువంతా మోపింది.

స్వరూపకు ఊపిరి ఆగిపోయింది. హాలు పోయింది. ఆ రాత్రి వార్డు గోడ, ఆ మనిషి చొక్కా వాసన, నేల మీద తన చెయ్యి విరిగిన చప్పుడు. కాళ్లు కొట్టుకుంది. అరుద్దామంటే గొంతు రాలేదు.

"తట్టు అక్కా! చేత్తో తట్టు!"

ఎక్కడినుంచో వినిపించింది. చెయ్యి నాగరాణి వీపును తట్టింది. ఆ క్షణమే బరువు పోయింది. నాగరాణి పక్కకు జరిగి మోకాళ్ల మీద కూర్చుంది. "ఏమన్న అయిందా ఆంటీ? బయపడ్డరా?"

స్వరూప లేచి కూర్చుని రొప్పింది. నాగరాణి వైపు, తన చేతి వైపు చూసుకుంది.

"తట్టంగనే ఇడిసిపెట్టింది" అంది సంగీతతో, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"అదే రూలు. ఎంత పెద్ద ఆటగాళ్లయినా వదలాల్సిందే. ఊపిరాడనిదాకా ఆగకు, ముందే తట్టు. ఇవాళ్టికి చాలా?"

స్వరూప కొంగు కోసం వెతికి, లేదని గుర్తొచ్చి, కోటు చేతితో మొహం తుడుచుకుంది.

"మల్లొకపారి వట్టుమనుండ్రి."

మళ్లీ పట్టింది నాగరాణి. మళ్లీ భయమేసింది. మళ్లీ తట్టింది. ఆ తర్వాత ఒకసారి, తట్టే ముందు రెండు ఊపిర్లు తీసుకోగలిగింది.

కిటికీ మీద సంగీత ఫోను మోగి ఆగింది, మళ్లీ మోగింది. క్లాసులో ఆమె ఫోను తీయదు. మూడోసారి తీసింది. విన్నది. "సరేనండీ" అని పెట్టేసింది. అందరినీ వరసలో నిలబెట్టి, ఎప్పట్లాగే వంగి నమస్కారం చేయించి, రేపు క్లాసు లేదని పంపించింది. నాగరాణి కూడా చెప్పులేసుకుని వెళ్లిపోయాక స్వరూప వైపు తిరిగింది.

"అక్కా, అమ్మ" అని ఆగిపోయింది.

ఇద్దరూ స్కూటీ మీద దవాఖానకు వచ్చారు. స్వరూప ఒంటి మీద ఇంకా ఆ కోటే ఉంది. ముసలామె టీ తాగి పడుకుందని, చూసేసరికి ఊపిరి లేదని డ్యూటీ సిస్టరు చెప్పింది. సంగీత మంచానికి కొంచెం దూరంలోనే నిలబడిపోయింది. స్వరూప తడిగుడ్డతో మొహం తుడిచి, జుట్టు దువ్వి, దవడకు గుడ్డ కట్టింది.

"మేడం, వీపు తుడవాలె, గా పక్క పట్టుండ్రి. భుజం కింద చెయ్యి వెట్టుండ్రి. మెల్లగ."

ఇద్దరూ కలిసి తిప్పారు. సంగీత అప్పుడు ఏడ్చింది, తల్లి భుజం కింది నుంచి చెయ్యి తీయకుండానే. స్వరూప మంచం చుట్టూ వచ్చి ఆమె వీపు మీద చెయ్యేసి నిలబడింది.

అంబులెన్సు కోదాడకు బయల్దేరాక గేటు దగ్గరే ఐలన్న ఫోను.

"వడ్డవా?"

"వడ్డ. మస్తు వడ్డ."

"దెబ్బ తాకిందా?"

"లే." అవతల గొర్లు అరుస్తున్నాయి. "అక్కకు జెప్పు, మిల్లు పని వేరేటోళ్లకు ఇయ్యమను. నాకు రేపటికి ఒళ్లునొప్పులంట. మెట్లు దిగరాదంట."

"మరి బయం?"

"ఉన్నది. యాడికి వోతది."

వార్డులోకి తిరిగి వచ్చి మంచం మీది దుప్పటి తీసింది. దిండు గలేబు తీసింది. మంచం పక్క లాకరు తుడుద్దామని గుడ్డ పట్టుకుని ఆగిపోయింది. దాని మీద స్టీలు మూతలో సగం బత్తాయి ఉంది. తొక్క ఒలిచి, తొనలు విడదీసి, వాటి మీది తెల్లపీచంతా ఓపికగా తీసేసి, క్లాసు నుంచి వచ్చేవాళ్ల కోసం గాలి తగలకుండా పైన తన తడి రుమాలు కప్పి ఉంచింది ముసలామె.