వేడిగా వచ్చే తడి బట్టలు

భర్త ఒరెస్ట్ కారు వీధి మలుపు తిరిగిందో లేదో, స్టెఫానియా బట్టలారబెట్టే డ్రయ్యర్ తలుపు తెరిచి ఒక టవల్ బయటికి లాగింది. చెయ్యి కాలేంత వేడిగా ఉంది. చెంపకు ఆనించుకుంటే మాత్రం తడి. పొద్దున్నుంచి అవే టవళ్ళు తిప్పడం ఇది రెండోసారి. టవల్‌ను లోపలికి విసిరికొట్టి "నీ మొహం మండ!" అని డ్రయ్యర్‌ను తిట్టింది.

రేపు సాస్కటూన్ పట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. జ్ఞాపకశక్తి పరీక్ష, ఆమెకు. కూతురు లారిసా చేసిన ఏర్పాటది. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు అల్మరాలో దుప్పట్లన్నీ ముక్కిపోయిన వాసన కొడుతున్నాయని లారిసా ముక్కు మూసుకుంది. ఆ సాయంత్రం తండ్రీ కూతుళ్ళు వంటింట్లో గుసగుసలాడుకున్నారు. "మీ అమ్మ బట్టలు వేస్తుందే గానీ బటన్ నొక్కడం మర్చిపోతోంది. నొక్కాననే అనుకుంటుంది, పాపం" అన్నాడు ఒరెస్ట్. గుసగుసలంటే అతని లెక్కలో పక్కింటికి వినబడకపోతే చాలు. ఆ 'పాపం' అన్న మాట ఆమెకు చురుక్కుమంది. తిట్టినా బాగుండేది.

అంతటితో పోయిందా! శుక్రవారాలు చర్చి హాల్లో ఆడవాళ్ళంతా కూడి పిరోగీలు, అంటే బంగాళాదుంప కూరి కజ్జికాయల్లా ఒత్తే వంటకం, చేస్తారు. ఆ పిండి చేతులు తుడుచుకున్న టవళ్ళు ఉతికి ఆరబెట్టి తెచ్చే పని పెళ్ళయిన కొత్తలోనే స్టెఫానియా చేపట్టింది. పోయిన శుక్రవారం వాళ్ళలో ఒకతె, పెర్ల్, ఆమె సంచీలోంచి ఒక టవల్ తీసి, వాసన చూసి, మడిచి పక్కన పెట్టింది. వెళ్ళేటప్పుడు మురికి టవళ్ళ సంచీ తన కారులో వేసుకుంది. "ఇంకా నీకెందుకులే స్టెఫా ఈ శ్రమ. హాయిగా కూర్చుని పిరోగీలు ఒత్తు" అంది. మిగతావాళ్ళు తలెత్తితే ఒట్టు. స్టెఫానియాకు తల కొట్టేసినట్టయింది.

వాళ్ళ సంగతి సరే, తన మీద తనకే నమ్మకం సడలుతోంది. అసలు భయం అక్కడుంది. బటన్ నొక్కి నేలమాళిగ మెట్లెక్కి పైకి వచ్చాక, నొక్కానా లేదా అని మళ్ళీ కిందికి పరుగు. అందుకే ఇవాళ కుర్చీ వేసుకుని డ్రయ్యర్ ఎదుటే కాపలా కూర్చుంది. తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆగేదాకా కళ్ళారా చూసింది. బట్టలు తడిగానే వచ్చాయి. అంటే బటన్ గొడవ కాదిది.

వెంటనే లారిసాకు ఫోన్ చేసింది. "డ్రయ్యరే పాడైందే! నేను కాదు!"

"సరేలే అమ్మా, దాని సంగతి తర్వాత చూద్దాం. రేపు పొద్దున్నే బయలుదేరాలి, మర్చిపోకు."

"మర్చిపోకు అంటావేంటే?"

"అయ్యో, మామూలుగా అన్నానమ్మా!"

స్టెఫానియా ఫోన్ పెట్టేసింది. ఒళ్ళు మండిపోతోంది. ఒరెస్ట్ మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగ్ ఆట ముగించుకుని భోజనానికి వచ్చేలోగా ఇది తేలిపోవాలి.

ముందుగా నూగు పట్టే జాలీ బయటికి తీసింది. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. కుళాయి కింద పెడితే మాత్రం నీళ్ళు కిందికి దిగకుండా పళ్ళెంలో నిలిచినట్టు నిలిచాయి. బట్టల్లో వేసే సువాసన కాగితాల జిడ్డంతా దాని కన్నాల్లో పేరుకుంది. సబ్బు పెట్టి, పాత పళ్ళబ్రష్‌తో రుద్ది రుద్ది కడిగింది. మళ్ళీ తిప్పింది. కాస్త నయం, అంతే. టవల్ అంచులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి.

చిన్నప్పుడు పొలంలో ఇంటి పొగగొట్టం మూసుకుపోతే పొయ్యి ఎంత ఎగదోసినా మండేది కాదు. ఇదీ అదే తంతేమో? వేడి ఉంది, ఆవిరి పోయే దారి లేదు. నడుము నొప్పిని లెక్కచెయ్యకుండా డ్రయ్యర్‌ను పక్కకు నెట్టి, వెనకాల గొట్టం చూసింది. ఎక్కడా నలగలేదు. దాన్ని గోడ నుంచి ఊడదీసి, దులిపి, అలాగే వదిలేసి డ్రయ్యర్ తిప్పింది. గది నిండా ఆవిరి కమ్మింది. కిటికీ అద్దం మసకబారింది, నూగంతా లేచి ఆమె జుట్టు మీద పడింది. పోతే పోయింది! డ్రయ్యర్ ఆగేసరికి టవళ్ళు పెళపెళలాడుతున్నాయి.

"నాలో లేదు జబ్బు! నీలోనూ లేదు! గోడకవతల ఉంది!" అని డ్రయ్యర్‌కు శుభవార్త చెప్పి, కోటు బొత్తాలు పెట్టుకోకుండానే పార పట్టుకుని బయటికి పరిగెత్తింది.

ఇంటి వెనక మార్చి నెల మంచు మోకాళ్ళ దాకా ఉంది. తవ్వుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి, వంగి చూసింది. గొట్టం మూతికి అడ్డంగా ఇనప వల బిగించి ఉంది. దాని మీద నూగు అట్టకట్టి, బూడిదరంగు కంబళి ముక్కలా తయారైంది. గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది.

ఎవరు బిగించారో అడగక్కర్లేదు. చెయ్యి కోసుకోకుండా వల అంచులు రెండు మడతలు మడిచి, ప్రతి మేకు కిందా చిన్న రబ్బరు బిళ్ళ వేసే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే, ఒరెస్ట్. ఆకులు రాలే రోజుల్లో గొట్టంలో పిచ్చుకలు దూరుతున్నాయని ఆమే అతనికి చెప్పింది. "నేను చూసుకుంటాలే" అన్నాడు. చూసుకున్నాడు మహానుభావుడు! పిచ్చుక లోపలికి రాకుండా, గాలి బయటికి పోకుండా.

మంచులో నిలబడి ఒక్కతే పగలబడి నవ్వింది. "బటన్ నొక్కలేదా నేను? రా, ఇవాళ రా నువ్వు!"

వలను ఊడదీసి, భోజనాల బల్ల మీద అతని కంచంలో పెట్టింది. ఇక కాలు నిలవలేదు. కిటికీ దగ్గరికి, పొయ్యి దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి తిరిగింది. అనబోయే మాటలన్నీ నోట్లోనే పదును పెట్టుకుంది. లారిసాకు ఏం చెప్పాలో, శుక్రవారం పెర్ల్ చేతిలోంచి సంచీ ఎలా లాక్కోవాలో కూడా ఆలోచించుకుంది.

ఒరెస్ట్ ఎర్రబడ్డ ముక్కుతో వచ్చాడు. "గెలిచామోయ్!" అంటూ కుర్చీలో కూర్చుని కంచం చూశాడు. "ఇదేం వంట?"

"నా మతిమరుపు. చూడు, ఎంత మందాన పేరుకుందో! డ్రయ్యర్ గొట్టానికి బయట బిగించి ఉంది."

అతను వలను ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. "ఏ వెధవ బిగించాడిది? నూగు ఎటు పోతుందనుకున్నాడు? బుర్ర ఉన్నవాడు చేసే పనేనా?"

"నాటకాలాడకు ముసలోడా!" అని నవ్వింది.

"నాటకమేంటి? ఎవడు చెప్పు? వెనకింటి కుర్రాడా? ఉండు, వాడి సంగతి చెప్తా."

స్టెఫానియా అతని చెవుల వంక చూసింది. అబద్ధమాడితే ఒరెస్ట్ చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడవి మామూలుగా ఉన్నాయి. ఆమె నవ్వు ఆగిపోయింది.

అతని బొటనవేలు మడిచిన అంచు వెంట మెల్లగా జరిగింది. రబ్బరు బిళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. తలెత్తి ఆమెను చూశాడు. సంతలో తప్పిపోయిన పిల్లాడి చూపు అది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఎన్నడూ చూడలేదు.

"స్టెఫా... ఇది..."

పదును పెట్టుకున్న మాటలన్నీ స్టెఫానియా మింగేసింది. క్రిస్మస్ నుంచి ఆమె కోరుకున్నది ఒక్కటే, తన బుర్ర బాగానే ఉందని తేలాలని. తేలింది. ఎవరైనా తీసుకుంటామంటే ఆ తీర్పును ఇప్పుడే తిరిగి ఇచ్చేసేది.

"నేనే" అంది. "పిచ్చుకలు దూరుతున్నాయని నేనే ఆ కుర్రాడితో పెట్టించాను. మర్చేపోయాను, చూడు!"

ఒరెస్ట్ గట్టిగా ఊపిరి వదిలాడు. మొహంలోకి మళ్ళీ రంగు వచ్చింది. "నేను చెప్పలా! చెప్తే నామీద ఎగురుతావు!" అన్నాడు. ఎంత సంతోషమో ఆ గొంతులో. లేచి ఆమె వీపు నిమిరాడు. "భయపడకు. రేపు డాక్టరు చూస్తాడుగా."

"నువ్వు బయట కూర్చుంటే కుదరదు. నాతోపాటు లోపలికి రావాలి. ఆయన అడిగేవన్నీ నువ్వూ వినాలి, నువ్వూ చెప్పాలి."

"వస్తాలే. చెయ్యి కూడా పట్టుకోమంటావా?" అని వేళాకోళమాడాడు.

"పట్టుకో" అంది స్టెఫానియా. "ఇప్పుడే పట్టుకో."