మాంద్యం చూసొచ్చిన శ్రీహరి

ఆబిడ్స్‌లో శ్రీహరి నడిపే ఫ్యాన్ల దుకాణం వాళ్ల నాయన పెట్టింది. ఆ ఎండాకాలం బేరం జోరుగా సాగినందుకు కంపెనీవాళ్లు డీలర్లను నాలుగు రోజులు విదేశం తిప్పుతామన్నారు. ముందు దుబాయ్ అన్నారు. ఆ తర్వాత, శ్రీలంక ఎకానమీ కుప్పకూలింది, పెద్ద పెద్ద హోటళ్లు కూడా సస్తాగా దొరుకుతున్నాయని మాట మార్చారు. ఒక దేశం మునిగితే తనకు సముద్రం పక్కన గది దొరుకుతుందని శ్రీహరి కలలో కూడా అనుకోలేదు.

మూడో రోజు గోల్ఫ్. శ్రీహరికి తెలిసిన కర్రాట గిల్లీదండా ఒక్కటే. కంపెనీ ఇచ్చిన టోపీ పెట్టుకుని, పొట్ట మీద బిగుసుకుపోయిన టీషర్టుతో మైదానంలోకి దిగాడు. కనుచూపు మేరా పచ్చిక, ఆడేవాళ్లు పట్టుమని పదిమంది లేరు. కర్రల సంచి మోయడానికి సిరిపాల అనే మనిషినిచ్చారు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు.

మొదటి దెబ్బకు బంతి కదల్లేదు, గడ్డిపెళ్ల లేచి పదడుగుల అవతల పడింది.

"మంచి ఊపు సార్" అన్నాడు సిరిపాల, ఆ పెళ్లను తెచ్చి గుంటలో అతికించి కాలితో నొక్కుతూ.

రెండో బంతి చెరువులో మునిగింది. "గాలి అట్లా ఉంది సార్" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో శశికళ కూడా తనను ఇంతగా వెనకేసుకు రాలేదని శ్రీహరికి ముచ్చటేసింది.

కాసేపటికి ఇద్దరూ నీడన కూర్చున్నారు. వచ్చీరాని ఇంగ్లీషులో శ్రీహరి కదిపాడు, ఇంతకుముందు ఏం చేసేవాడివని.

"కొలంబోలో షాపు సార్. ఫ్యాన్లమ్మేవాణ్ని."

శ్రీహరి నీళ్ల సీసా పక్కన పెట్టి, మరెందుకు మానేశావన్నాడు.

"కిందటేడు రోజుకు పన్నెండు, పదమూడు గంటలు కరెంటు లేదు. తిరగని ఫ్యాను ఎవరు కొంటారు? బయటినుంచి సరుకూ ఆగిపోయింది. షట్టరు దించిన రోజు కూడా కరెంటు లేదు సార్, చీకట్లో తాళం వేశాను." సిరిపాల నవ్వాడు. "మీరేం చేస్తారు?"

"గవర్నమెంటు నౌకరీ" అనేశాడు శ్రీహరి. ఎందుకన్నాడో తనకే తెలియదు.

సిరిపాల అతని టోపీ మీదున్న ఫ్యాను బొమ్మను ఒక్క క్షణం చూశాడు. "అదృష్టవంతులు సార్" అని సంచి భుజానికెత్తుకున్నాడు.

ఆ తర్వాత శ్రీహరి ఒక్క దెబ్బా సరిగా కొట్టలేదు. ముందు మాత్రం కొట్టాడా అంటే, అదీ లేదు.

ఊరికి తిరిగొచ్చేసరికి నాంపల్లిలో వ్యాపారుల సంఘం ఆఫీసు ముందు అతని ఫ్లెక్సీ వేలాడుతోంది. చేతిలో గోల్ఫ్ కర్ర, కింద 'అంతర్జాతీయ మాంద్యంపై ప్రసంగం'. అది సెక్రటరీ రామచందర్ పని.

"నాకేం తెలుసన్నా?" అన్నాడు శ్రీహరి.

"మాంద్యం కండ్లార చూసొచ్చినోనివి నువ్వొక్కనివే. జర రెండు ముక్కలు చెప్పు."

సరే, చెబితే సిరిపాల గురించే చెప్పాలనుకున్నాడు. చెప్పాడు. కరెంటు, షట్టరు, చీకట్లో తాళం. తను ఆడిన అబద్ధం మాత్రం మింగేశాడు. ముందు వరసలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. జనం కదిలిపోయారనుకున్నాడు.

వెనక వరసలోంచి గాజుసామాన్ల భావనారాయణ లేచాడు. "శ్రీహరిగారూ, ఈ మాంద్యం దసరా సెలవుల దాకా ఉంటుందంటారా? పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటున్నాం."

"పొద్దటి టిఫిన్ గాళ్లే పెడతరా?" అని ఇంకొకరు.

"ఔ" అన్నాడు శ్రీహరి. ఆగలేక, "దోసె కూడా ఏస్తరు" అని కలిపాడు. చప్పట్లు మోగాయి.

అక్కడికక్కడే తీర్మానం రాశారు. శ్రీలంక వ్యాపార సోదరులకు సంఘం ప్రగాఢ సానుభూతి తెలిపింది. వాళ్ల పరిస్థితి బాగుపడకముందే వార్షిక సమావేశం ఆ గోల్ఫ్ మైదానం పక్క హోటల్లో జరపాలని నిర్ణయించింది. కన్వీనర్ శ్రీహరి. వద్దని చెప్పడానికి లేచాడు గానీ, రామచందర్ అప్పటికే శాలువా కప్పేశాడు.

మరునాడు స్టేషన్ రోడ్డులో ట్రావెల్స్ ఆఫీసుకెళ్లి నలభై పేర్ల జాబితా ఇచ్చాడు, మొదటి పేరు తనదే. గోల్ఫ్ కూడా కలపమంటారా అని అక్కడి కుర్రాడు అడిగాడు.

"కలుపు. గని సంచి మోసెటందుకు జర పడుసు పిలగాన్ని పెట్టుమను. ముందుగాల దుకాణం గికాణం నడిపినోడు వద్దు."