సలోమి చెప్పిన బరువు

పెదపాడు దగ్గర చేపల చెరువు గట్టు మీద మేత బస్తా దించుతూ కృపావరం జారిపడ్డాడు. కుడికాలు మోకాలి కింద విరిగింది. నలుగురు పట్టి ఆటో ఎక్కించి, పదకొండింటికి ఏలూరులో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి తెచ్చారు. భార్య సలోమి వెంట వచ్చింది.

"బరువెంతండీ?" నర్సు రమ్య అడిగింది.

"నూట నలభై," అంది సలోమి.

కృపావరం పళ్లు బిగించి ఉన్నవాడల్లా కళ్లు తెరిచాడు. "ఏంటే, కాటా వేయకుండానే అమ్మేస్తున్నావా నన్ను?"

"మీరు ఊరుకోండి."

అతని బరువు నూట పదిహేను. అది సలోమికి తెలుసు. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ చెరువులు చేస్తున్నారు. చెరువులో ఎన్ని టన్నుల చేప ఉందో లెక్కగట్టి మేతలో మందు కలుపుతారు. బరువు తక్కువ చెబితే మందు చాలదు. భర్తకూ చాలదేమోనని ఆమె భయపడింది.

డ్యూటీ డాక్టర్ పద్మప్రియ మార్ఫిన్ ఇంజక్షన్ చేయించింది. పక్క మంచం మీద చెయ్యి విరిగిన అమ్మాయికీ అంతే ఇవ్వడం సలోమి చూసింది.

"ఏవండీ డాక్టరుగారూ, ఆ అమ్మాయి యాభై కేజీలుండదు. మా ఆయనకీ అంతేనా?"

"మొదట అంతేనమ్మా. మనిషి పెద్దయితే మందు ఎక్కువ పట్టాలని లేదు. పది నిమిషాలాగి అడుగుతాను. తగ్గకపోతే ఇంకాస్త ఇస్తాం. ఆయన గురక పెడతారా?"

"పక్కింటివాళ్లు లేస్తారండీ."

"అలాంటివాళ్లకి ఒకేసారి ఎక్కువిస్తే ఊపిరి మందగించొచ్చు."

పది నిమిషాలకు పద్మప్రియ వచ్చి, నొప్పి పదికి ఎంత ఉందని అడిగింది. తొమ్మిది నుంచి ఏడుకు దిగిందన్నాడు కృపావరం. ఇంకాస్త ఇచ్చారు. మరో పది నిమిషాలకు మూడన్నాడు. కాలు సరిచేసి, ఆపరేషన్ దాకా ఉండేలా కట్టు వేశారు. అతను అరవలేదు.

సలోమి డాక్టర్ ముందుకు వచ్చి చేతులు జోడించింది. "పాతిక కేజీలు నేనే కలిపి చెప్పానండీ, మందు ఎక్కువ వేస్తారని. నా మాట పట్టుకుని ఇచ్చేసుంటే ఏమయ్యేదో. ప్రభువు మీ చేతిలో పెట్టాడు మమ్మల్ని."

"రేపు ఆపరేషన్‌కి మత్తు డాక్టర్ బరువు అడుగుతారు, కొన్ని మత్తుమందులు దాన్ని బట్టే ఇస్తారు. ఆయనకి మాత్రం సరిగ్గా చెప్పండి."

రమ్య కాగితం మీద నూట నలభై కొట్టేసి నూట పదిహేను రాసింది. కృపావరం నిద్రపోయాడు. రమ్య గడియారం చూస్తూ అతని ఊపిరి లెక్కపెడుతోంది. సలోమి స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"అదెలా లెక్కపెట్టాలో నాకూ చూపించమ్మా."