ఎదుగుదల ఆపిన మొలకలు

ఇప్పుడు ముక్కు దురద పుడితే ఏ దేవుడొచ్చి గోకుతాడో, జల్లెడలాంటి ఈ ప్లాస్టిక్ ముసుగు నా ముఖం అచ్చు తీసి చేసిందే, బల్లకు బిగించేశారు, గొంతులో పుండు మీద కిరణాలు పడటం అయ్యేదాకా కదలకూడదు, మిషన్ నడిపే అమ్మాయి ఊపిరి మామూలుగా తీసుకోండి తాతగారూ అంటోంది, చిన్నప్పుడు పిడుగును గొడుగులో పట్టి ముడేసినవాణ్ణి నీ మిషనెంత అన్నాను మొదటిరోజు, ఆ గొడుగు తెచ్చుంటే మాకు కరెంటు మిగిలేదిగా అంది, గడుసుది, ఇవాళ అబద్ధమాడే ఓపిక కూడా లేదు, నాలుకకు ఉప్పూ పంచదారా ఒకటే, ఏడుపు రాదు, కోపం రాదు, అందుకే పొద్దున కూతురికి చెప్పేశాను, ఇదే ఆఖరు, మిగతా కిరణాలు నాకొద్దు, సగంలో మానేస్తే పుండు ఊరుకోదు నాన్నా అంది, ఊరుకోకపోతే పోతాను, ఉన్నానో లేనో నాకే తెలియడం లేదు, పోతే మాత్రం ఏంటే అన్నాను.

అది తిట్టలేదు, ఆస్పత్రికొచ్చే దారిలో తను పనిచేసే ల్యాబులోకి లాక్కెళ్ళింది, ఇక్కడ నా మీద మిషన్ గుయ్యిమంటోంది, అక్కడ తెల్ల లైట్ల కింద రెండు ట్రేలు, ఒకదాంట్లో గోధుమ మొలకలు జానెడున్నాయి, రెండోదాంట్లోవి వేలెడు కూడా లేవు, వీటికి కిరణాలు పెట్టాం అంది, చంపేశావు కదే పాపిష్టిదానా అన్నాను, చచ్చిపోలేదు నాన్నా, పెరగడం ఆపుకున్నాయి, కిరణాలకు లోపల జన్యువుల పోగులు తెగిపోతాయి, తెగిన పోగులతో పెరిగితే వంకర ఆకులొస్తాయి, అందుకని పెంచే జన్యువుల్ని పడుకోబెట్టి అతికే జన్యువుల్ని లేపుకుంటాయి అంది, అతక్కపోతేనో అన్నాను, ఆ కణం తనే చచ్చిపోయి పక్కదానికి చోటిస్తుంది అంది, అబ్బో, మన వంశంలో అంత మర్యాదస్థులు లేరే అన్నాను, నవ్వుతుందనుకున్నాను, కళ్ళు తుడుచుకుంది, మొక్కకు పారిపోవడానికి కాళ్ళు లేవు నాన్నా, అందుకే ఉన్నచోటే బాగుచేసుకుంటుంది, నీకేమో ఉన్నాయి అంది.

గుయ్యిమనడం ఆగింది, బిగింపులు విప్పుతోంది అమ్మాయి, అయిపోయింది తాతగారూ, లేవండి, చెంపల మీద చిల్లుల అచ్చు పడి ఉంటుంది, తలుపవతల కూతురు నిలబడే ఉంటుంది, కుర్చీలున్నా కూర్చోదు, దాన్ని తలుచుకున్నా గుండెలో ఏమీ కదలడం లేదు, రేపెన్నింటికి రమ్మంటావమ్మా అని నోరు అడిగేసింది, నన్నడక్కుండానే, అమ్మాయి ఏదో చెబుతోంది, ఆ వేలెడు మొలకలూ ఇంతే, చూస్తే మొద్దులు, పనంతా లోపల, వాటికి మాత్రం ఏమనిపిస్తుంది, ఏమీ అనిపించకపోవడం చావనుకున్నాను ఇన్నాళ్ళూ, కాదు, నేను పోలేదు, ఆగానంతే.