కిలోంబావు కత్తి

మధ్యయుగపు యూరప్ కత్తి పది కిలోలు తూగేదని యూనివర్సిటీలో ఇరవై ఏళ్లు పాఠం చెప్పాను. నన్ను ఎవరూ కాదనలేదు. మార్కులు నా చేతిలో ఉంటే ఎవరు కాదంటారు?

1994లో, క్లాసులో చూపించడానికి ఒక నమూనా కత్తి చేయిద్దామని బుద్ధి పుట్టింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కమ్మరం చేసి రిటైరైన ఎంకన్న తార్నాకలో మా వెనక వీధిలోనే ఉండేవాడు. పెరట్లో కొలిమి పెట్టుకున్నాడు. ఫోటో, పొడవు కొలతలు ఇచ్చి, బరువు కూడా చెప్పి వచ్చాను. నెల తర్వాత, పాత లారీ కమాన్ పట్టీని సాగగొట్టి, పిడికి అడ్డంగా ఇనప కడ్డీ బిగించి, నిగనిగలాడే కత్తి నా చేతిలో పెట్టాడు. తూచితే కిలోంబావు!

"ఏంటయ్యా ఎంకన్నా, ఇది పిల్లలాడుకునే కత్తా? పది కిలోలుండాలని చెప్పానుగా!" అని మండిపడ్డాను.

అతను మూలనున్న పది కిలోల సమ్మెట తెచ్చి నాకిచ్చాడు.

"చెయ్యి చాపి పట్టుకోండ్రి సుందరరావు సార్. నేను చాయ్ తెస్త."

చాయ్ సంగతి దేవుడెరుగు, అతను గుమ్మం దాటకముందే సమ్మెట నేల మీదుంది.

"పట్టెటోడు మనిషే గద సార్," అన్నాడు వెనక్కి తిరిగి. "లడాయిల పొద్దంత తిప్పాలె. చెయ్యి గుంజొద్దని గట్ల చేసిన."

నాకు విషయం అర్థమైంది. ఒప్పుకోవడానికే నోరు రాలేదు. క్లాసులో బరువు మాటే ఎత్తకూడదనుకున్నాను.

క్లాసు రోజున, తన పనిని పిల్లలు చూస్తుంటే చూడాలని ఎంకన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, వెనక బెంచీలో కూర్చున్నాడు. నా ఖర్మ కొద్దీ భార్గవి అనే అమ్మాయి కత్తిని ఒంటిచేత్తో ఎత్తి గాల్లో తిప్పింది.

"సార్, మీరు పది కిలోలన్నారు కదా?"

నేను నోట్సు తిరగేయడం మొదలుపెట్టాను. అంతలో ఎంకన్న లేచాడు.

"సార్ చెప్పిందే నిజం బిడ్డా. నాకే చాతగాలె. ఇనుము తక్కువేసిన."

క్లాసంతా గొల్లుమంది. అతను తల దించుకున్నాడు. నలభై ఏళ్ల చేతిపనిని నా పరువు కోసం ఒక్క మాటతో తీసిపారేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కాదు," అన్నాను. "కత్తి సరైనదే. తప్పు నా పాఠంలో ఉంది. ఇరవై ఏళ్లూ తప్పే చెప్పాను."

నోట్సు మూసేసి, దిగి వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నాను.

"ఎంకన్నగారూ, మీరు వచ్చి చెప్పండి. కత్తి ఎంత బరువుండాలి?"

అతను జంకుతూ వచ్చాడు. అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. కత్తిని మాత్రం ముట్టుకోలేదు.

"ముందుగాల నీ చెయ్యి చూపియ్యి బిడ్డా," అన్నాడు భార్గవితో.